లిథియం బ్యాటరీల ఘటనల చిట్టా: విస్తరణ శాస్త్రవేత్తలు చదవడం నేర్వవలసిన మరో లక్షణ పట్టిక

గత కొద్ది సంవత్సరాలలో లిథియం బ్యాటరీ మన వ్యవసాయంలో పెద్దగా చర్చ లేకుండానే చోటు సంపాదించుకున్నది. వీపున మోసే పిచికారీ యంత్రాలు, పురుగుమందు చల్లే డ్రోన్లు, సౌర విద్యుత్తును నిల్వ చేసుకునే పొలం గదులు, పాల సేకరణ కేంద్రాల ప్రత్యామ్నాయ విద్యుత్ వ్యవస్థలు నేడు దీనిపై ఆధారపడుతున్నాయి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 1,261 కోట్ల రూపాయల వ్యయంతో 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు సమకూర్చడానికి ఉద్దేశించినది. డ్రోను, అనుబంధ పరికరాల వ్యయంలో 80 శాతం వరకు, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు కేంద్రం సాయంగా అందిస్తుంది. మిగిలిన భాగానికి సంఘం అప్పు తెచ్చుకోవలసి రావచ్చు. ఆ అప్పు తీరేది డ్రోను ఎగిరిన ఎకరాల మీదనే.

డ్రోను ఎగరడం బ్యాటరీ మీద ఆధారపడి ఉన్నది. రాయితీ కొనుగోలుతో ముగుస్తుంది. వారెంటీ గడువు దాటిన తరువాత బ్యాటరీ మార్పిడి ఖర్చు సంఘం పైననే పడుతుంది. పైగా పిచికారీకి అనువైన కాలం చాలా పరిమితం. గాలి నెమ్మదిగా ఉండే ఉదయపు గంటలలో, పురుగు ఉధృతి ఆర్థిక నష్ట పరిమితిని దాటిన ఆ కొద్ది రోజులలో బ్యాటరీ ఆగిపోతే నష్టం బ్యాటరీ ధరతో తీరదు. ఆనాటి కిరాయి పోతుంది, రైతు పంటకు సకాలంలో మందు అందదు, సంఘం మీద రైతుకున్న నమ్మకం సడలుతుంది.

అటువంటి సందర్భంలో క్షేత్రస్థాయిలో మనకు తరచుగా వినిపించే నిర్ధారణ ఒకే ఒక్క మాట: “బ్యాటరీ పోయింది.” పసుపు బారిన ఆకును చూసి “పంట పోయింది” అని ఏ విస్తరణ శాస్త్రవేత్తా అనడు. పసుపుదనం ముదురాకులలో మొదలైతే నత్రజని లోపాన్ని, లేతాకులలో ఈనెల మధ్య మొదలైతే ఇనుము లోపాన్ని అనుమానిస్తాడు. లక్షణం ఏమిటన్న ప్రశ్నతో ఆగక, అది ఎక్కడ ముందు కనిపించింది, ఎప్పుడు కనిపించింది, ఏ పరిస్థితిలో పెరిగింది అని అడగడం మన శాస్త్రం మనకు నేర్పిన క్రమశిక్షణ. అదే క్రమశిక్షణను లిథియం బ్యాటరీకి వర్తింపజేయడానికి కావలసిన సమాచారం చాలా బ్యాటరీలలో ఇప్పటికే నమోదవుతున్నది. దానిని చదవడం విస్తరణ విద్యలో భాగం కావాలన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

చిట్టా అంటే ఏమిటి?

ప్రతి లిథియం బ్యాటరీ ప్యాకులోనూ అనేక సెల్‌లు వరుసగా కలిపి ఉంటాయి. వాటిని కాపలా కాసే ఎలక్ట్రానిక్ పలకను బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ అంటారు. ఇది ఒక్కొక్క సెల్ వోల్టేజిని, ప్యాకు గుండా ప్రవహించే విద్యుత్తును, ఒకటి రెండు చోట్ల ఉష్ణోగ్రతను నిరంతరం కొలుస్తుంది. ఏదైనా విలువ నిర్దేశిత హద్దు దాటితే ఛార్జింగును గానీ వాడకాన్ని గానీ నిలిపివేస్తుంది. బ్లూటూత్ సౌకర్యమున్న ప్యాకులలో ఈ విలువలను మొబైల్ యాప్‌లో చూడవచ్చు. హద్దు దాటిన ప్రతి సందర్భాన్నీ వ్యవస్థ ఒక పద్దుగా రాసుకుంటుంది: ఏ రక్షణ పనిచేసింది, ఎప్పుడు పనిచేసింది, కొన్ని నమూనాలలో ఆ క్షణాన విలువ ఎంత ఉన్నది, తిరిగి ఎప్పుడు సాధారణ స్థితికి వచ్చింది. ఈ పద్దుల వరుసనే ఈవెంట్ లాగ్ అంటున్నారు. దీనిని ఘటనల చిట్టా అనడం సముచితం.

పాత లెక్కల పద్ధతిలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. చిట్టాలో జరిగినది జరిగినట్లు వరుసగా ఎక్కుతుంది. దానిని ఖాతాల వారీగా విడదీసి, అర్థం తేల్చేది ఆవర్జా. యాప్ మనకు ఇచ్చేది చిట్టా మాత్రమే. “సెల్ అల్ప వోల్టేజి రక్షణ” అన్న పద్దు ఒక సంఘటనను తెలుపుతుందే కాని కారణాన్ని తెలుపదు. జ్వరమాపకంలోని అంకె వ్యాధి పేరు కానట్లే ఈ పద్దు కూడా రోగ నిర్ధారణ కాదు. కారణాన్ని తేల్చడం చదివేవారి పని.

ఎక్కడ ముందు, ఎప్పుడు ముందు?

సౌర వ్యవస్థలలో విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకును ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో 16 సెల్‌లు వరుసగా ఉంటే నామమాత్ర వోల్టేజి 51.2 వోల్టులు. వాడకంలో 15 సెల్‌లు 3.1 వోల్టుల వద్ద ఉండగా ఒక్క సెల్ 2.5 వోల్టులకు పడిపోయిందనుకుందాం. మొత్తం ప్యాకు వోల్టేజి 49.0 వోల్టులుగా కనిపిస్తుంది. బయట నుండి మీటరు పెట్టి చూసినవారికి బ్యాటరీలో ఇంకా శక్తి ఉన్నట్లే తోస్తుంది. కాని నిర్వహణ వ్యవస్థ ఆ ఒక్క సెల్‌ను కాపాడటానికి ప్యాకును ఆపివేస్తుంది. వినియోగదారునికి కనిపించేది కారణం లేకుండా ఆగిపోయిన బ్యాటరీ. చిట్టాలో కనిపించేది ఫలానా సంఖ్య గల సెల్.

ఇక్కడ నుండి అసలు నిర్ధారణ మొదలవుతుంది. ఆ సెల్ ఛార్జింగు చివర ఎలా ప్రవర్తిస్తున్నదో చూడాలి. వాడకం చివర అన్నిటికంటే ముందు అడుగుకు చేరి, ఛార్జింగు చివర అన్నిటికంటే ముందు పైకి చేరే సెల్ సామర్థ్యం తగ్గిన సెల్. చిన్న కుండ త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. అలా కాక వాడకం చివరా, ఛార్జింగు చివరా కూడా అదే సెల్ మిగిలిన వాటికంటే కింద ఉంటే, అది ప్రధానంగా సమతుల్యత లోపం. సెల్ సామర్థ్యం బాగానే ఉన్నది, మిగిలిన వాటికంటే తక్కువ నింపబడి ఉన్నది. మొదటి దానికి సెల్ మార్పిడి అవసరం కావచ్చు. రెండవ దానికి తగినంత సమయం పూర్తి ఛార్జింగు వద్ద ఉంచడమే చికిత్స.

ఈ చికిత్సకు ఓర్పు ఎంత అవసరమో లెక్క వేసి చూడవచ్చు. 100 ఆంపియర్ గంటల ప్యాకులో ఒక సెల్ 5 శాతం వెనుకబడి ఉంటే తేడా 5 ఆంపియర్ గంటలు. సమతుల్యత వలయం 100 మిల్లీ ఆంపియర్ల చొప్పున ఆ తేడాను సరిచేస్తే 50 గంటలు పడుతుంది. అనేక వ్యవస్థలలో ఈ వలయం ఛార్జింగు తుది దశలో మాత్రమే పనిచేస్తుంది. రోజుకు ఒక గంట మాత్రమే ఆ దశ లభిస్తే 50 రోజులు కావాలి. “రెండు రోజులు చూశాం, బాగుపడలేదు” అని బ్యాటరీని పక్కన పెట్టడం, ఒక్క తడికే నేల చవుడు విరగలేదని పొలాన్ని వదిలివేయడం వంటిది. అయితే సమతుల్యత సాధించిన తరువాత అదే సెల్ కొద్ది రోజులలోనే మళ్ళీ వెనుకబడితే అది లోపల తనంతట తానే శక్తిని కోల్పోతున్నదని భావించాలి. అది అంతర్గత లోపానికి హెచ్చరిక. అటువంటి ప్యాకును సేవ నుండి తొలగించి నిపుణునికి అప్పగించాలి.

మూడవ అవకాశం అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా విస్మరించబడేది: వదులైన బిగింపు. సెల్‌లను కలిపే లోహపు పట్టీ వద్ద 2 మిల్లీ ఓముల అదనపు నిరోధం ఏర్పడి, అది సెల్ వోల్టేజి కొలతలో కలిసివస్తున్నదనుకుందాం. 80 ఆంపియర్ల వాడకంలో ఆ సెల్ వోల్టేజి 160 మిల్లీ వోల్టులు తక్కువగా కనిపిస్తుంది. 20 ఆంపియర్ల ఛార్జింగులో 40 మిల్లీ వోల్టులు ఎక్కువగా కనిపిస్తుంది. విద్యుత్ ప్రవాహం ఆగిన వెంటనే తేడా మాయమవుతుంది. తేడా విద్యుత్ ప్రవాహానికి అనులోమంగా పెరిగి తరుగుతుంటే, నిల్వ స్థాయితో సంబంధం లేకుండా కనిపిస్తుంటే, అనుమానించవలసినది ముందుగా బిగింపును. నట్టు బిగింపుతో తీరే దోషానికి బ్యాటరీ మార్పిడి ఖర్చు పెట్టించడం నత్రజని లోపానికి శిలీంద్రనాశిని చల్లించడం వంటిదే. ఈ బిగింపును కూడా అర్హత గల సాంకేతిక నిపుణుడే చేయాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఉష్ణోగ్రత పద్దులు మన ప్రాంతానికి ప్రత్యేకించి ముఖ్యమైనవి. అనేక లిథియం సెల్‌లకు ఛార్జింగు సమయంలో గరిష్ఠ హద్దు 45 డిగ్రీల సెల్సియస్. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి మధ్యాహ్నపు గాలి ఉష్ణోగ్రతే ఆ హద్దుకు చేరువవుతుంది, కొన్ని రోజులలో దాటుతుంది. అటువంటి వాతావరణంలో ఎగిరి దిగిన డ్రోను బ్యాటరీ గాలి కంటే వేడిగా ఉంటుంది. దిగిన వెంటనే ఛార్జరుకు తగిలిస్తే అధిక ఉష్ణోగ్రత రక్షణ పనిచేయడం ఖాయం. ఛార్జరు చెడిపోయిందని ఆపరేటరు భావిస్తాడు. చిట్టాలోని సమయాన్ని ఎగిరిన సమయాల పక్కన పెట్టి చూస్తే, పద్దులన్నీ దిగిన కొద్ది నిమిషాలలోనే వచ్చాయని తెలుస్తుంది. అప్పుడు కావలసినది చెట్టు నీడ, అరగంట విరామం, బ్యాటరీలను వంతుల వారీగా వాడే క్రమం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ మరింత బోధకమైనది. మే నెలలో, గుంటూరు జిల్లా పొలంలో, చిట్టాలో “శీతల ఉష్ణోగ్రత వద్ద ఛార్జింగు నిలిపివేత” అన్న పద్దు కనిపించిందనుకుందాం. విద్యార్థి దానిని చూసి నవ్వి వదిలివేయవచ్చు. కాని సాధారణంగా వాడే ఉష్ణోగ్రత గ్రాహకంలో వేడి పెరిగిన కొద్దీ నిరోధం తగ్గుతుంది, చల్లబడిన కొద్దీ పెరుగుతుంది. గ్రాహకపు తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. వ్యవస్థ దానిని సున్నా కంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రతగా చదువుతుంది. కనుక వేసవిలోని ఆ శీతల పద్దు తెగిన తీగకు సాక్ష్యం. సంఖ్యను నమ్మవలసిన పనిలేదు, కాని పద్దును నమ్మాలి.

చివరగా, వ్యవసాయ పరికరాలకు మాత్రమే విశేషమైన ఒక నమూనా ఉన్నది. నగరంలోని విద్యుత్ వాహనం ప్రతిరోజూ తిరుగుతుంది. పిచికారీ డ్రోను పైరు కాలంలో రోజుకు అనేక మార్లు ఎగిరి, పంట లేని నెలలలో మూలన ఉంటుంది. నిర్వహణ వ్యవస్థ తానుగా కొద్దిపాటి విద్యుత్తును ఎల్లప్పుడూ వినియోగిస్తూనే ఉంటుంది. ఖాళీగా దాచిన బ్యాటరీ ఆ నెలలలో ప్రమాదకర స్థాయికి దిగజారుతుంది. చిట్టాలోని అల్ప వోల్టేజి పద్దు చివరి వాడకం తరువాత రెండు మూడు నెలలకు వచ్చి ఉంటే, దోషం వాడకంలో లేదు, నిల్వలో ఉన్నది. డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలను నిండుగా గానీ ఖాళీగా గానీ కాక, ఒక్కొక్క సెల్ సుమారు 3.8 వోల్టుల వద్ద నిల్వ చేయడం సరైన పద్ధతి. విత్తనాన్ని తగిన తేమ శాతానికి ఆరబెట్టి నిల్వ చేయమని చెప్పే మనకు ఈ సలహా చెప్పడం కొత్త విద్య కాదు.

చిట్టాను నమ్మడానికి హద్దులు

ఇంతవరకు చెప్పినది చదివి చిట్టా సర్వజ్ఞమని భావించరాదు. దానికి నాలుగు పరిమితులు ఉన్నాయి. వాటిని తెలియకుండా చదవడం, చదవకపోవడం కంటే ప్రమాదకరం.

మొదటిది, పద్దులు ఎక్కడ నిలుస్తున్నాయన్నది. కొన్ని వ్యవస్థలు బ్యాటరీలోని జ్ఞాపకశక్తిలోనే రాసుకుంటాయి. కొన్నిటిలో యాప్ మాత్రమే, అదీ ఫోను బ్లూటూత్ ద్వారా అనుసంధానమై ఉన్నంతసేపే, నమోదు చేస్తుంది. రెండవ రకంలో చిట్టా ఖాళీగా ఉన్నదంటే సమస్య లేదని అర్థం కాదు, చూసినవారు లేరని అర్థం. రెండవది, గడియారం. కొన్ని పలకలలో స్వతంత్ర గడియారం ఉండదు. విద్యుత్తు పూర్తిగా పోయి తిరిగి వచ్చినపుడు కాలం మొదటి నుండి లెక్క ప్రారంభించవచ్చు. తేదీలను నమ్మే ముందు యాప్ చూపే ప్రస్తుత సమయాన్ని చేతి గడియారంతో సరిచూడటం కనీస జాగ్రత్త. మూడవది, జ్ఞాపకశక్తి పరిమితి. నిండిన తరువాత కొత్త పద్దు వచ్చినప్పుడల్లా పాత పద్దు చెరిగిపోతుంది. ఒక వదులైన తీగ పదేపదే పుట్టించే పద్దుల వరద, నెల కిందటి అసలు సంఘటనను తుడిచివేయవచ్చు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. పద్దు అనేది విలువకూ హద్దుకూ మధ్య సంబంధం. హద్దును మార్చితే పద్దు పుడుతుంది లేదా మాయమవుతుంది. అనేక యాప్‌లలో హద్దులను మార్చే వీలు ఉన్నది. 2.8 వోల్టుల వద్ద ఆగే ప్యాకును 2.5 వోల్టులకు మార్చిన మరమ్మతుదారుడు, ఛార్జింగు ఉష్ణోగ్రత హద్దును పెంచిన ఆపరేటరు, ఫిర్యాదును తీర్చినట్లు కనిపిస్తారు. నిజానికి వారు తీర్చినది ఫిర్యాదునే, లోపాన్ని కాదు. తెగులు సోకిన ఆకులను కోసివేసి పైరు ఆరోగ్యంగా ఉన్నదని ప్రకటించడం ఇటువంటిదే. కనుక చిట్టా ప్రతితో పాటు ఆనాటి హద్దుల పట్టిక ప్రతి కూడా ఉండి తీరాలి. అది లేని చిట్టా, నమూనా సేకరించిన లోతు తెలియని భూసార పరీక్ష ఫలితం వంటిది.

వీటికి తోడు ప్రతి పద్దూ లోపానికి సంకేతం కాదు. పంపు నియంత్రకం లేదా ఇన్వర్టరును బ్యాటరీకి కలిపిన క్షణాన దానిలోని కెపాసిటర్లు నిండడానికి ఒక్కసారిగా పెద్ద విద్యుత్ ప్రవాహం పరుగెడుతుంది. నిర్వహణ వ్యవస్థ దానిని షార్ట్ సర్క్యూట్‌గా నమోదు చేయవచ్చు. అలాగే నిల్వ శాతం 40 చూపుతుండగానే బ్యాటరీ ఆగిపోవడం తరచుగా లెక్కింపు దోషమే. లోపలికి వచ్చిన, బయటికి పోయిన విద్యుత్తును కూడి తీసివేసి శాతాన్ని చూపే వ్యవస్థ, అప్పుడప్పుడు పూర్తిగా నిండినప్పుడే తన లెక్కను సరిచేసుకుంటుంది. ముసురు పట్టిన వానాకాలంలో సౌర బ్యాటరీ వారాల తరబడి నిండకపోతే చిన్న చిన్న తప్పులు పేరుకుపోతాయి. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ల వోల్టేజి మధ్య స్థాయిలో దాదాపు సమంగా ఉండటం వలన వోల్టేజిని చూసి ఆ తప్పును పసిగట్టడమూ కష్టమే.

అన్నిటికీ మించి, చిట్టా ఎంత స్వచ్ఛంగా ఉన్నా, ఉబ్బిన ప్యాకు, ఘాటైన ద్రావణి వాసన, ఒకచోట మాత్రమే అసాధారణమైన వేడి కనిపిస్తే చదువు ఆపి, బ్యాటరీని మనుషులకూ గడ్డివాములకూ దూరంగా తరలించాలి. ప్రమాదకర స్థాయికి పడిపోయిన సెల్‌ను బలవంతంగా ఛార్జి చేయడం, రక్షణ పలకను తప్పించి తీగలు కలపడం ఏ పరిస్థితిలోనూ ఆమోదయోగ్యం కాదు. కంటికి, ముక్కుకు తెలిసే సాక్ష్యమే చిట్టా కంటే ముందు వరుసలో నిలవాలి.

చిట్టా ఎవరిది?

ఈ ప్రతిపాదనకు సహజంగా ఎదురయ్యే అభ్యంతరం ఒకటున్నది. బ్యాటరీ నిర్ధారణ తయారీదారు పని, వ్యవసాయ శాస్త్రవేత్తకు దీనితో ఏమి పని అని కొందరు ప్రశ్నించవచ్చు. ట్రాక్టరు ఇంజనును మనం మరమ్మతు చేయడం లేదు కదా అన్నది వారి వాదన. ఇందులో కొంత సత్యమున్నది. ప్యాకును విప్పడం, సెల్‌ను మార్చడం మన పని కాదు, కారాదు. కాని నిర్ధారణ వేరు, మరమ్మతు వేరు. రైతుకు ఏ మందు దుకాణదారుడూ అబద్ధం చెప్పడని నమ్మి మనం తెగుళ్ళ నిర్ధారణను వారికి వదిలివేయలేదు. అమ్మేవారు, నిర్ధారించేవారు ఒక్కరే అయినపుడు తటస్థమైన మూడవ అభిప్రాయం రైతుకు అవసరమవుతుందన్నది విస్తరణ వ్యవస్థకు పునాది వంటి సూత్రం. బ్యాటరీకి అది ఎందుకు వర్తించదు?

మరొక అభ్యంతరం మరింత బరువైనది. చిట్టా రైతుకు వ్యతిరేకంగా కూడా వాడబడవచ్చు. “మీరు అధిక వేడిలో ఛార్జి చేసినట్లు నమోదై ఉన్నది, కనుక వారెంటీ వర్తించదు” అన్న సమాధానం వచ్చే అవకాశం ఉన్నది. ఆ మాట నిజమైతే దానిని అంగీకరించవలసిందే. కాని చిట్టాను చదవగలిగినవారు ఒక పక్షాన మాత్రమే ఉన్నపుడు అది నిజమో కాదో తేల్చడం అసాధ్యం. పద్దు వచ్చిన ప్రతిసారీ రక్షణ పనిచేసి ఛార్జింగు ఆగిందంటే, వినియోగదారుడు చేసిన పొరపాటును వ్యవస్థ అడ్డుకున్నదని కూడా అదే చిట్టా చెబుతున్నది. సాక్ష్యాన్ని భయపడి దాచడం కంటే, ఇరుపక్షాల చేతిలోనూ దాని ప్రతి ఉండేటట్లు చూడటమే న్యాయం.

ఈ దిశలో ప్రపంచం కొంత ముందుకు కదిలింది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల నియంత్రణ చట్టం ప్రకారం, విద్యుత్ వాహనాలు, తేలికపాటి రవాణా సాధనాలు, స్థిర నిల్వ వ్యవస్థలలోని బ్యాటరీల ఆరోగ్య స్థితిని, మిగిలిన జీవితకాలాన్ని నిర్ణయించే సమాచారాన్ని, చట్టబద్ధంగా కొన్నవారు చదువుకునే వీలు 2024 ఆగస్టు 18 నుండి కల్పించవలసి ఉన్నది. ఇది ఘటనల చిట్టాను నేరుగా పేర్కొన్నది కాదు, వ్యవసాయ డ్రోన్లను ఉద్దేశించినదీ కాదు. అయినా, కొన్నవానికి తన బ్యాటరీ స్థితిని తెలుసుకునే హక్కు ఉన్నదన్న సూత్రాన్ని అది స్థిరపరచింది. మన దేశంలోనూ 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీని నియమించినపుడు గుర్తించిన నాలుగు రంగాలలో వ్యవసాయ పరికరాలు ఒకటి. మరమ్మతు హక్కుకు తొలి మెట్టు నిర్ధారణ హక్కు. ఏది చెడిందో తెలియనివానికి బాగుచేయించుకునే హక్కు ఉన్నా ఉపయోగం స్వల్పమే.

విశ్వవిద్యాలయాలు చేయదగినవి

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు డ్రోను పైలట్ల శిక్షణను ఇప్పటికే చేపట్టాయి. ఆ శిక్షణలో బ్యాటరీ పాఠం ఛార్జింగు, భద్రత సూచనలతో ముగియకుండా, చిట్టాను చదివే ఒక ప్రాయోగిక తరగతి చేర్చడం పెద్ద భారం కాదు. ఒక సెల్ బలహీనపడిన ప్యాకు, బిగింపు వదులైన ప్యాకు, గ్రాహకపు తీగ తెగిన ప్యాకు, ఈ మూడింటి చిట్టాలను ముందుంచి “ఎక్కడ ముందు, ఎప్పుడు ముందు” అని అడిగితే చాలు. నిర్ధారణలో మిగిలిన సగం అభ్యాసంతో వస్తుంది.

రెండవది, కృషి విజ్ఞాన కేంద్రాలు, యంత్ర పరికరాల అద్దె కేంద్రాలు, సంఘాలు ప్రతి బ్యాటరీకి ఒక పుట కేటాయించాలి. కొన్న తేదీ, హద్దుల పట్టిక ప్రతి, కాలం మొదట్లోనూ చివరలోనూ తీసిన చిట్టా ప్రతి, ఎగిరిన రోజులు, నిల్వ ఉంచిన స్థాయి, చేసిన మరమ్మతు అందులో ఉండాలి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం నేలకు ఒక పత్రాన్ని సమకూర్చింది. దాని విలువ ఒక్క పరీక్షలో లేదు, పాత ఫలితం పక్కన కొత్త ఫలితాన్ని పెట్టి చూడగలగడంలో ఉన్నది. బ్యాటరీ పుట విలువ కూడా అంతే. ఒక్క చిట్టా ఒక క్షణాన్ని చూపుతుంది, మూడు కాలాల చిట్టాలు గమనాన్ని చూపుతాయి.

మూడవది, కొనుగోలు నిబంధనలు. ప్రభుత్వ నిధులతో డ్రోన్లు, సౌర నిల్వ వ్యవస్థలు కొనే సంస్థలు తమ షరతులలో నాలుగు వాక్యాలు చేర్చవచ్చు. ఘటనల చిట్టా బ్యాటరీలోనే నిలవాలి. కొన్నవారు దానిని సాధారణ ఫైలుగా బయటకు తీసుకోగలగాలి. హద్దులు మార్చినపుడు ఆ మార్పు కూడా ఒక పద్దుగా నమోదు కావాలి. పద్దుల అర్థం తెలుగులో ముద్రించి ఇవ్వాలి. చివరి షరతు చిన్నదిగా కనిపించినా, ఉదయం ఐదు గంటలకు పొలం గట్టున ఒంటరిగా నిలబడిన ఆపరేటరుకు అదే ఎక్కువ ఉపకారం చేస్తుంది. సంకేతాంకం మాత్రమే చూపే తెర ఆమెకు సమాచారాన్ని ఇవ్వడం లేదు, ఆందోళనను ఇస్తున్నది.

నాలుగవది విద్యార్థుల వంతు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే విద్యార్థులు అక్కడి బ్యాటరీల చిట్టాలను యజమానుల అనుమతితో సేకరించి, వాడకపు వివరాలతో జతపరచవచ్చు. బాపట్ల, సంగారెడ్డిలలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు వాటిని విశ్లేషించవచ్చు. యజమాని పేరు, స్థల వివరాలు తొలగించడం ఈ పనికి తప్పనిసరి నియమం కావాలి. మన వేసవికి, మన వానాకాలపు మబ్బులకు, మన పంటల మధ్య విరామాలకు ఏ హద్దులు, ఏ నిల్వ పద్ధతులు అనువైనవో తేల్చవలసినది మనమే. చల్లని దేశాల ప్రయోగశాలలలో రాసిన సూచనల పుస్తకం రామగుండం మధ్యాహ్నాన్ని పూర్తిగా ఊహించలేదు.

ముగింపు

పాడైన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేసే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. కాని బాగుచేయదగిన బ్యాటరీ వ్యర్థాల బుట్టకు చేరకుండా ఆపే నియమం ఏదీ పొలం గట్టున పనిచేయదు. అక్కడ పనిచేసేది చదవగలిగిన మనిషి ఒక్కరే. బిగింపు, నీడ, ఓర్పు, నిల్వ స్థాయి: పైన చెప్పిన ఉదాహరణలలో అనేకం ఈ నాలుగు మాటలతో తీరినవే. తీరని వాటిని సకాలంలో గుర్తించి పక్కన పెట్టడం ప్రాణ రక్షణ.

ఆకు రంగును చదవడం, కంకి బరువును చదవడం, పురుగు గుడ్ల సముదాయాన్ని చదవడం మనం రైతుకు నేర్పాము, రైతు నుండి నేర్చుకున్నాము. ఆ వరుసలో బ్యాటరీ చిట్టా తాజాగా వచ్చి నిలిచింది. ఈ రాబోయే ఖరీఫ్‌కు ముందు ప్రతి శిక్షణ కేంద్రం తన వద్దనున్న ఒక్క బ్యాటరీ చిట్టానైనా విప్పి, హద్దుల పట్టికతో పాటు భద్రపరచి, విద్యార్థుల ముందు పెట్టగలిగితే అదే మంచి ప్రారంభం. ఆ తరువాత “బ్యాటరీ పోయింది” అని ఎవరైనా వచ్చినపుడు మనం అడగవలసిన తొలి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ఏ సెల్‌లో, ఎప్పుడు, ఎంత విద్యుత్ ప్రవాహం వద్ద?